మన కాలేజీ టీమ్ గెలుస్తోంది... ఈసారి నమ్మొచ్చా?

పాఠకుల ప్రశ్నలు – ఆటల పేజీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బాస్కెట్‌బాల్ గురించే. క్రికెట్ ప్రశ్నలు పంపినవాళ్లు ఏమీ అనుకోకండి, వాటికి వచ్చే సంచికలో జవాబులిస్తాను.

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. తొంభైల్లో ఇక్కడే ఒక కాలేజీలో డిగ్రీ చదివాను, మూడేళ్లూ కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆడాను. అప్పుడు మేం నాగార్జున యూనివర్సిటీ కింద ఉండేవాళ్లం, గుంటూరు కాలేజీలతో మ్యాచ్ అంటే బస్సు నిండా జనం వెళ్లేవాళ్లం. తర్వాత టీమ్ మెల్లగా నీరుగారిపోయింది. చాలా ఏళ్లుగా ఇంటర్ కాలేజియేట్‌లో మొదటి రౌండ్‌లోనే ఇంటికి. ఒకటి రెండేళ్లు పన్నెండు మంది కూడా దొరకలేదట. ఈ ఏడాది రెండు మ్యాచ్‌లు గెలిచి, సెమీస్‌లో మూడు పాయింట్ల తేడాతో ఓడారు. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు ఒక్కసారిగా లేచి కూర్చుంది. నాకు సంతోషంగానూ ఉంది, భయంగానూ ఉంది. ఇదివరకు రెండుసార్లు ఇలాగే ఆశపడి చతికిలబడ్డాం. నిజంగా బాగుపడుతున్నారని ఎలా తెలుస్తుంది?

జవాబు: పాలతో నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడు, మీ భయం నాకు అర్థమవుతుంది. ఆశ పెట్టుకోండి. కానీ ఆ రెండు గెలుపుల మీద కాదు, ఆ మూడు పాయింట్ల ఓటమి మీద పెట్టుకోండి. రెండు మ్యాచ్‌లు డ్రాలో బలహీనమైన టీమ్‌లు ఎదురుపడి కూడా గెలవొచ్చు, అవతలివాళ్ల మంచి ఆటగాడికి జ్వరం వచ్చి కూడా గెలవొచ్చు. తమకంటే బలమైన టీమ్‌తో చివరి నిమిషం దాకా అంటిపెట్టుకుని ఉండటం మాత్రం అదృష్టంతో అయ్యే పని కాదు.

మీరు పాత ఆటగాడు కాబట్టి ఇంకాస్త వివరంగా చెబుతాను. ఈసారి మ్యాచ్‌కి వెళ్తే స్కోరుబోర్డు వదిలేసి నాలుగో క్వార్టర్ చూడండి. మన దగ్గర పది నిమిషాల క్వార్టర్లు నాలుగు. బలహీనమైన టీమ్ ఏదైనా మూడు క్వార్టర్లు బాగానే ఆడుతుంది, ముప్ఫై నిమిషాలకి కాళ్లు బరువెక్కుతాయి, కాళ్లు కదలనప్పుడు చేతులు ముందుకొస్తాయి, చేతులు ముందుకొస్తే ఫౌల్. ఒక క్వార్టర్‌లో నాలుగు టీమ్ ఫౌల్స్ దాటాక ఐదో దాని నుంచి అవతలివాళ్లకి రెండేసి ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుకోకుండా రింగులోకి వేసే షాట్లు. అప్పటిదాకా నిలబడిన టీమ్ రెండు నిమిషాల్లో కూలిపోయేది అక్కడే, మన కాలేజీలు మ్యాచ్‌లు ఎన్నింటినో ఇలాగే చేజార్చుకోవడం నేను కళ్లారా చూశాను. మీ పిల్లలు మూడు పాయింట్లతో ఓడారంటే ఆ పది నిమిషాలూ నిలబడ్డారన్నమాట. బెంచి మీద నుంచి వచ్చినవాళ్లు కూడా ఆడారన్నమాట.

ఇంకోటి ఫ్రీ త్రో. మొన్న గుణదల వైపు పనుండి వెళ్తూ, దారిలో ఒక కాలేజీ కోర్టులో పొద్దున్నే ఆరు కాకముందే బంతి చప్పుడు వినబడి ఆగాను. సిమెంటు కోర్టు, ముందు రోజు వాన పడి ఒక మూల ఇంకా నీళ్లున్నాయి, ఇద్దరు కుర్రాళ్లు గోనెసంచి చెరో కొస పట్టుకుని ఆ నీళ్లు తుడుస్తున్నారు. మూడోవాడు పొడి వైపున్న రింగు దగ్గర ఒంటరిగా ఫ్రీ త్రోలు వేస్తున్నాడు. బంతిని మూడుసార్లు నేలకి కొట్టడం, ఊపిరి వదలడం, మోకాళ్లు వంచడం, వేయడం. పడినా అంతే, పడకపోయినా అంతే. బంతి తనే తెచ్చుకుని మళ్లీ మూడుసార్లు కొట్టడం. గోడ దగ్గర బొగ్గుతో గీతలు గీసి ఉన్నాయి, పడినవి ఒకవైపు, పోయినవి ఒకవైపు. నేను ఉన్నంతసేపూ వాడు ఒక్క త్రీ పాయింటర్ కూడా సరదాకైనా వేయలేదు. అమెరికాలో కాలేజీ ఆటగాళ్లు కూడా ఎన్నో దశాబ్దాలుగా నూటికి 70 దగ్గరే వేస్తున్నారు, అంత తేలిగ్గా పెరిగేది కాదది. అలాంటి పనిని పొద్దున్నే ఎవరూ చూడనప్పుడు చేసే పిల్లలు టీమ్‌లో ఉంటే ఆశకి అంతకంటే మంచి ఆధారం నాకు తెలీదు. మీ కాలేజీ కోర్టుకి ఒకరోజు పొద్దున్నే వెళ్లి చూడండి. ఎవరికీ చెప్పకుండా వెళ్లండి.

ఇక భయపడాల్సిన సంగతి కూడా చెప్పాలి. డిగ్రీ మూడేళ్లే. ఈ ఏడాది సెమీస్ దాకా తీసుకొచ్చినవాళ్లలో ఫైనలియర్ వాళ్లెంతమంది? ఐదుగురిలో నలుగురు వాళ్లే అయితే వచ్చే ఏడాది మళ్లీ మొదటికొస్తారు, మీరు ఇదివరకు రెండుసార్లు దెబ్బతిన్నది అక్కడేనేమో కనుక్కోండి. ఫస్టియర్, సెకండియర్ పిల్లలు ఎక్కువుంటే ధైర్యంగా ఉండొచ్చు.

మన ఊళ్లో ఈ చిక్కు మరీ ఎక్కువ, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. పదో తరగతి దాకా స్కూలు టీమ్‌లో బ్రహ్మాండంగా ఆడిన పిల్లాడు ఇంటర్‌లో చేరగానే బంతి ముట్టడు. విజయవాడ, గుంటూరు అంటే రాష్ట్రమంతా ఇంటర్ కోచింగ్‌కి పిల్లల్ని పంపే ఊళ్లు, ఆ కాలేజీలు చాలావరకు అపార్ట్‌మెంట్ లాంటి భవనాల్లో నడుస్తాయి, గ్రౌండ్ అన్న మాటే ఉండదు, పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు. శరీరం ఎదిగే పదిహేను, పదిహేడేళ్ల మధ్య రెండేళ్లు పూర్తిగా ఆట మానేసి, డిగ్రీలో చేరాక పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు పిలిస్తే వచ్చి నిలబడతాడు. ఎత్తు పెరిగి ఉంటాడు, ఆట మాత్రం పదో తరగతి దగ్గరే ఆగిపోయి ఉంటుంది. కాబట్టి మన కాలేజీ పీడీ గారు టీమ్‌ని తయారు చేయడమంటే ఆ పోయిన రెండేళ్లని మొదటి ఏడాదిలోనే తిరిగి పూడ్చడం. ఇది ఎంత కష్టమో బయటివాళ్లకి తెలీదు. మీ టీమ్ ఇంత దూరం వచ్చిందంటే అక్కడ ఎవరో ఒకరు రెండు మూడేళ్లుగా ఈ పని చేస్తున్నారు, వాళ్లెవరో కనుక్కుని ఒకసారి వెళ్లి నమస్కారం పెట్టండి.

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. మా అబ్బాయి అమెరికాలో మిస్సౌరీ యూనివర్సిటీలో ఎంఎస్ చేశాడు. వాడు వెళ్లిన ఏడాది ఆ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మరుసటి ఏడాది పెద్ద టోర్నమెంట్‌కి వెళ్లింది. వీడియో కాల్ చేస్తే వాడి చదువు సంగతి కంటే ఈ సంగతే ఎక్కువ చెప్పేవాడు, మాకూ అలవాటైపోయింది. ఒక్క ఏడాదిలో అంత మార్పు ఎలా వస్తుంది? మన దగ్గర ఎందుకు రాదు?

జవాబు: మీ అబ్బాయి మంచి సమయంలో వెళ్లాడండి. 2023-24లో మిస్సౌరీ మొత్తం 8 గెలిచి 24 ఓడింది, వాళ్ల లీగ్‌లో అయితే 18కి 18 ఓటములే. 2024-25లో 22 గెలిచి 12 ఓడింది. కోచ్ డెనిస్ గేట్స్ రెండేళ్లూ ఆయనే. అదే రెండేళ్లలో లూయివిల్ అనే ఇంకో యూనివర్సిటీ కథ చూడండి, వాళ్లూ 2023-24లో సరిగ్గా 8-24, మరుసటి ఏడాది 27-8. కానీ వాళ్లు కోచ్‌ని మార్చారు, దాదాపు టీమ్ మొత్తాన్నీ మార్చారు. అంటే కోచ్‌ని ఉంచి బాగుపడినవాళ్లూ ఉన్నారు, మార్చి బాగుపడినవాళ్లూ ఉన్నారు.

ఇంత త్వరగా జరగడానికి కారణం అక్కడి పద్ధతి. ఒక యూనివర్సిటీలో ఆడుతున్నవాడు ఇంకో యూనివర్సిటీకి మారాలంటే ఇదివరకు ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాలి. 2021 నుంచి ఆ నిబంధన సడలించారు. అదే ఏడాది నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు సంపాదించుకోవడానికీ ఒప్పుకున్నారు. దాంతో వేసవిలో కోచ్‌లు వేరే చోట రాటుదేలిన ఆటగాళ్లని తెచ్చుకుని టీమ్‌ని కొత్తగా కట్టుకోగలుగుతున్నారు. మన దగ్గర డిగ్రీ మధ్యలో కాలేజీ మారడం అరుదు, ఆట కోసం మారడం ఇంకా అరుదు. కాబట్టి మన టీమ్‌లు బాగుపడాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది, ఉన్న పిల్లలతోనే పెరగాలి. నాకైతే ఇందులో ఒక మంచి కూడా కనబడుతుంది. మన టీమ్ గెలిచిందంటే గెలిచింది మన కళ్ల ముందు ఫస్టియర్‌లో తడబడిన ఆ పిల్లాడే.

ఇంకో సంగతి మీ అబ్బాయి చెప్పాడో లేదో. ఆ 2025 మార్చిలో 68 జట్ల టోర్నమెంట్‌కి మిస్సౌరీ, లూయివిల్ రెండూ వెళ్లి, రెండూ మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాయి. డ్రేక్ చేతిలో మిస్సౌరీ 57-67, క్రైటన్ చేతిలో లూయివిల్ 75-89. ఆ ఓటమి బాధించి ఉంటుంది, కాదనను. అయినా ముందటేడాది మార్చిలో అసలు టోర్నమెంటే లేనివాళ్లకి అది ఎలాంటి మార్చి అయి ఉంటుందో మీ ఇంట్లో వీడియో కాల్‌లో విన్నారు కాబట్టి మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేట నుంచి రాస్తున్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. రెండు మ్యాచ్‌లు గెలిచిన టీమ్‌కి అప్పుడే ఫ్లెక్సీలు కడుతున్నారు. మీలాంటివాళ్లు కూడా ఎగదోస్తే ఎలా?

జవాబు: ఫ్లెక్సీల విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను, దానికి నా సొంత కారణం ఉంది. నేను గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు మా టీమ్ ఒక ఏడాది అనుకోకుండా మొదటి మ్యాచ్ భారీగా గెలిచింది. ఆ సాయంత్రానికల్లా ఒక పెద్దమనిషి సన్మాన సభ అని ప్రకటించేశారు, పూలదండలకి ఆర్డర్ కూడా ఇచ్చారు. మర్నాడు ఓడిపోయాం. దండలు వచ్చాయి. వాటిని ఏం చేయాలో తెలీక ఎవరో సైకిల్ స్టాండ్ దగ్గర పెట్టి వెళ్లారు, మేం సైకిళ్లు తీసుకోవాలంటే వాటి పక్క నుంచే వెళ్లాలి. మాలో ఇద్దరు ఆ తర్వాత మళ్లీ కోర్టుకి రాలేదు. ఓడినందుకు కాదు, ఆ దండలని చూసి. అందుకే గెలిచిన రోజున పిల్లలకి వేడి వేడి పునుగులు, టీ ఇప్పించి ఇంటికి పంపేవాళ్లంటే నాకు ఎక్కువ గౌరవం.

కానీ ఆశే వద్దంటే ఒప్పుకోను. అమెరికాలో కాల్‌టెక్ అని ఒక విద్యాసంస్థ ఉంది, నోబెల్ బహుమతులకి పేరున్న చోటు, అక్కడ చేరేవాళ్లు సైన్స్ కోసమే చేరతారు. వాళ్ల బాస్కెట్‌బాల్ టీమ్ 1985 నుంచి తమ లీగ్‌లో వరసగా 310 మ్యాచ్‌లు ఓడింది. ఇరవై ఆరేళ్లు! 2011 ఫిబ్రవరిలో ఆక్సిడెంటల్ కాలేజీ మీద 46-45తో గెలిచారు, ఒక్క పాయింటు, అదీ ఆఖరి సెకన్లలో వేసిన ఒక ఫ్రీ త్రో. ఆ ఇరవై ఆరేళ్లలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు టీమ్‌కి పేరు ఇచ్చారు, యూనిఫాం వేసుకున్నారు, ఓడతామని తెలిసి కూడా పొద్దున్నే లేచారు. వాళ్లు లేకపోతే ఆ ఫ్రీ త్రో వేయడానికి టీమే ఉండేది కాదు కదా. ఈ ఆటని 1891లో కనిపెట్టిన నైస్మిత్ గారే కాన్సాస్ యూనివర్సిటీకి కోచ్‌గా ఉండి 55 గెలిచి 60 ఓడారు.

మీరు జాగ్రత్తపరులు, ఉండండి. కానీ వచ్చే మ్యాచ్‌కి మాత్రం రండి, చప్పట్లు కొట్టకపోయినా ఫర్వాలేదు, వచ్చి కూర్చోండి చాలు.

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో డిగ్రీ సెకండియర్, కాలేజీ టీమ్ కెప్టెన్. ఇన్నాళ్లూ వాళ్ల మ్యాచ్‌లకి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఈసారి గెలవడం మొదలయ్యాక లెక్చరర్లు, సీనియర్లు, చుట్టాలు అందరూ "ఈసారి కప్పు మనదే కదా" అంటున్నారు. పిల్ల రాత్రిళ్లు సరిగ్గా నిద్రపోవట్లేదు, అన్నం కెలికి లేచిపోతోంది. ఓడినన్నాళ్లు హాయిగా ఉండేది. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ఈ సంచికలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసిన ఉత్తరం మీదే. ఓడే టీమ్‌లో ఆడటానికి ఓపిక కావాలి, గెలుస్తున్న టీమ్‌లో ఆడటానికి ఇంకో రకం గుండె కావాలి, రెండోది ఎవరూ నేర్పరు. ఇన్నాళ్లూ ఆ పిల్లలకి పోయేదేమీ లేదు, ఇప్పుడు ఏదో ఉంది, అది పోతుందేమోనన్న టెన్షన్ అది. అమ్మాయిలో లోపమేమీ లేదు, ఆట మీద ఇష్టం ఉన్నవాళ్లకే అలా అవుతుంది.

మీరు చేయగలిగింది ఒకటుంది. మ్యాచ్ నుంచి రాగానే "గెలిచారా?" అని అడక్కండి. "ఆకలేస్తోందా?" అని అడగండి. గెలుపోటములు తనే చెబుతుంది, ఎంత చెప్పాలనిపిస్తే అంత. చుట్టాలకి మాత్రం మీరే గట్టిగా చెప్పండి, కప్పు మాట ఇంట్లో ఎత్తొద్దని. కెప్టెన్ కాబట్టి అందరి బరువూ తన మీదే అనుకుంటూ ఉంటుంది, మ్యాచ్ ముందు రోజు తను ఒక్క పని గురించే ఆలోచించేలా పీడీ గారితో మాట్లాడుకోమనండి. రేపు నేను ప్రతి రీబౌండ్‌కీ, అంటే రింగుకి తగిలి తిరిగొచ్చే బంతికి, ముందు నేను కాచుకోవాల్సిన అవతలి అమ్మాయిని నా వెనకే ఉంచి అడ్డంగా నిలబడతాను, అంతే. అది తన చేతిలో ఉన్న పని. కప్పు తన చేతిలో లేదు. నిద్ర పట్టకపోవడం, తిండి తినకపోవడం టోర్నమెంట్ అయిపోయాక కూడా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి, ఆటకంటే పిల్ల ముఖ్యం.

ప్రశ్న: మళ్లీ పటమట పాఠకుడినే. ఉత్తరం పోస్టు చేశాక మా గ్రూపులో అందరం తలా కాస్త వేసుకుని టీమ్ కోసం కొంత డబ్బు పోగు చేశాం. కొందరు ట్రాక్‌సూట్లు అంటున్నారు, కొందరు ఊరేగింపు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బంతులు కొనండి. మన సిమెంటు కోర్టుల మీద బంతి గరుకు ఒక సీజన్‌కే అరిగిపోతుంది, అరిగిన బంతి చెమట చేతుల్లోంచి జారిపోతుంది, పిల్లలు దాన్ని పట్టుకోవడానికి వేళ్లు బిగించడం అలవాటు చేసుకుని షాట్ పాడుచేసుకుంటారు. అబ్బాయిలకి ఏడో నంబరు, అమ్మాయిలకి ఆరో నంబరు, రెండూ కొనండి, అమ్మాయిల టీమ్‌ని మర్చిపోవద్దు. ఇద్దరు ముగ్గురికి ఒక బంతి దొరికితే ప్రాక్టీస్ వేగం చూస్తూండగానే మారిపోతుంది. తర్వాత రింగులకి నెట్లు. చాలా కోర్టుల్లో రింగు ఉంటుంది, నెట్ ఉండదు, ఉన్నా రెండు పోగులు వేలాడుతుంటాయి. నెట్ లేకపోతే బంతి లోపల నుంచి పోయిందా పక్క నుంచి పోయిందా అని పిల్లలు కొట్టుకుంటారు, అదీగాక బంతి నెట్‌లోంచి సర్రుమని దిగే ఆ చప్పుడు వినాలనే కదా మీరూ నేనూ మళ్లీ మళ్లీ వేసింది.

డబ్బు మిగిలితే పీడీ గారి చేతికిచ్చి, టోర్నమెంట్ రోజుల్లో పిల్లల భోజనం ఖర్చులకి ఉంచమనండి. ట్రాక్‌సూట్లు వచ్చే ఏడాది చూద్దాం. ఊరేగింపు వద్దు.

నెట్లు కట్టేటప్పుడు మాత్రం మీరే వెళ్లండి. నిచ్చెన ఒకరు పట్టుకోవాలి.